తడిసిన ఫసలీలు

వరద దిగిన నాలుగో రోజు
రాజోలు తాలూకాఫీసు వసారాలో
కొబ్బరితాళ్ళు కట్టి
రాజ్యాలను ఆరేశాను.

అటెండర్ని. చదవడం నా పని కాదు.
"పేజీలు తిప్పకు, ఎండకి పెట్టు చాలు"
అన్నారు మూర్తిరాజు గారు, ముక్కుకి తుండుగుడ్డ కట్టుకుని.
తడి కాగితాన్ని విడదీయాలంటే
గోరు ఎక్కడ దూర్చాలో కళ్ళు వెతకాలి కదా,
వెతికే కళ్ళకి అక్షరాలు తగలకుండా ఎలా ఉంటాయి?

ప్రతి అట్ట మీదా ఫసలీ అన్న మాట.
ఎప్పుడో ఆగ్రాలో ఒక పాదుషా
కోతల్ని బట్టి ఏడాదిని మొదలెట్టాడట.
ఆయన కోట పరాయిదయింది, ఆయన వంశం మన్నయింది,
మా నీటి తీరువాకి మాత్రం ఇప్పటికీ
ఆయన లెక్కలోనే, జూలైలో, కొత్త సంవత్సరం.

దాని పక్కన పేష్కష్ చిట్టా.
జమీందారు మొహరు తడికి కరిగి
వెనక పేజీలో కౌలురైతు పేరు మీద
తిరగేసి అచ్చుపడింది,
బతికున్నప్పుడు కూర్చున్నట్టే.

వలందులు బట్టల మూటల కోసం వచ్చారు.
పరాసులు యానాంలో జెండా పాతి
అందరూ సమానం అన్నారు.
ఆ మాట ఏ పుంతదాకా నడిచిందో గాని
మా పేట మలుపులో
బురదలో చెప్పు వదిలేసి వెనక్కి పోయింది.
ఇంగ్లీషు దొరలు ఏటినే కట్టారు.
సున్నం ఎన్ని పుట్లో రాశారు, రాయి ఎన్ని బళ్ళో రాశారు,
మోసిన కూలీలని "మనుషులు" అని రాసి
పక్కన ఒక అంకె వేశారు.

మూడు గంటల ఎండకి ఒక అడంగలు
అప్పడంలా పెళుసుగా విడిపోయింది.
చింతావారి లంక.
మా తాత పుట్టిన లంక.
సర్వే నెంబరు ఉంది, ఎకరాలు, సెంట్లు ఉన్నాయి.
సాగుదారు గడిలో చిన్న గీత.
రిమార్కుల్లో ముత్యాల్లాంటి దస్తూరీ:
పోరంబోకు. ఖాళీ.

ఖాళీయా?
ఇరవై రెండు పాకలు, రెల్లు కప్పిన ప్రార్థన మందిరం,
తోరణాలు కట్టి ఆరేసిన పొగాకు,
ఏరు పొంగినప్పుడు తాడిచెట్టెక్కి
మూడు రాత్రులు మేకపిల్లతో సహా కూర్చున్న
మా నాయనమ్మ సువార్తమ్మ.
ఆ కరణం పడవ దాటి ఉండడు.
కాణీ ఖర్చెందుకని ఈ గట్టు మీదే నిలబడి
చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి ఉంటాడు.
ఇసక మెరిసి ఉంటుంది.
అంతే, లండన్ దాకా మేం లేము.

ఇంకో సంగతి, ఆ లంక ఇప్పుడు లేదు.
ఏరు దాన్ని కొరుక్కు తిని
కిందెక్కడో ఎవరికో మేటవేసింది.
మేం ఉన్నప్పుడు ఖాళీ అన్న కాగితం
నీళ్ళు తప్ప ఏమీ లేని చోట
సెంట్లతో సహా నేల చూపిస్తోంది.

నా పేరు మొదటిసారి సర్కారు గడిలో పడింది
ఉద్యోగం ఆర్డరులో, రోస్టరు నెంబరు పక్కన.
నేలపూడి ఎస్తేరు.
ఇంటిపేరులో తప్ప మాకెక్కడా నేల లేదు.
ఆ గడి కోసం ఎవరెవరు ఎన్ని సభల్లో
గొంతు పోగొట్టుకున్నారో
ఈ తాళ్ళ మీద ఏ పుస్తకంలోనూ లేదు.

"ఏంటమ్మా, కళ్ళు తుడుచుకుంటున్నావు?"
"బూజండీ."

పొద్దుగూకాక ఫసలీలన్నీ దొంతి పెట్టి
ఎర్రగుడ్డలో కట్ట కట్టాను.
చెయ్యి నన్నడగకుండా
పొగాకు కట్టకి సువార్తమ్మ వేసే ముడి వేసింది.
మర్నాడు మూర్తిరాజు గారు
కళ్ళజోడు పైకి తోసి, పళ్ళతో లాగి,
ఆఖరికి బ్లేడు తెమ్మన్నారు.
"ఎక్కడి ముడే ఇది?" అని అడిగారు.